పెరిగిన ఆయుష్షు మనకు మేలు చేస్తుందా?

పూర్వం మనుషులు నూరేళ్ళు గట్టిగా బతికేవారని, ఇప్పుడు గుప్పెళ్ళకొద్దీ మాత్రలు మింగి ఒళ్ళు గుల్ల చేసుకుంటున్నారని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. చదువుకున్న పిల్లలు ఈ మాట ఒప్పుకోరు. డాక్టర్లు, టీకాలు లేకపోతే మనలో చాలామంది పసితనంలోనే పోయేవాళ్ళమని వాళ్ళ వాదన. ఇద్దరి వాదనా వినదగినదే. కాని ఇద్దరూ వదిలేసిన ప్రశ్న ఒకటుంది. ఆయుష్షు పెరగడమే మేలా? లేక పెరిగిన ఆయుష్షు మేలుగానో కీడుగానో మారడానికి మరేదైనా కావాలా? ఖుర్ఆన్, హదీసుల వెలుగులో ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

ముందు లెక్కల సంగతి చూద్దాం. 1941-51 దశాబ్దంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 సంవత్సరాలు. 2016-20 నాటికి అది 70కి చేరింది. ఈ అంకెలు చూసి, ఆ రోజుల్లో అందరూ ముప్ఫై రెండేళ్ళకే చనిపోయేవారని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. ఒక తల్లికి నలుగురు పిల్లలు పుట్టి, ఇద్దరు ఏడాది నిండకుండానే పోయి, మిగిలిన ఇద్దరు అరవై అయిదేళ్ళు బతికారనుకోండి. ఆ నలుగురి సగటు 32, 33 దగ్గర తేలుతుంది. అంటే సగటును కిందికి లాగింది ముసలివాళ్ళ మరణాలు కాదు, ఊయలలోని పసికందుల మరణాలు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 129 మంది ఏడాది లోపే చనిపోయేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 26కు తగ్గింది. వైద్యం మనకిచ్చిన ఆయుష్షులో పెద్ద వాటా ఇక్కడే ఉంది.

బిడ్డను మట్టిలో పెట్టే బాధ ఏమిటో మన ప్రవక్త (స) గారికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆయన ఏడుగురు సంతానంలో ఆరుగురు ఆయన జీవితకాలంలోనే కన్నుమూశారు. పాలుతాగే వయసులో ఇబ్రాహీం (రజి) చనిపోయినప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. ఈనాడు ఒక టీకాతోనో, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళతోనో ఒక తల్లికి ఆ బాధ తప్పుతున్నదంటే అది చిన్న అనుగ్రహమా?

ఉప్పు, చక్కెర నీళ్ళన్నది ఊరికే అనలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులు లక్షలాదిగా పశ్చిమ బెంగాల్ చేరినప్పుడు బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అప్పుడు దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు గ్లూకోజు, ఉప్పు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపించి రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు మూడు నాలుగుకు తగ్గాయి. మశూచి 1975 తర్వాత మన దేశంలో మళ్ళీ కనిపించలేదు. పోలియో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. 2014 మార్చిలో మన దేశం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవీకరించింది.

పోలియో విషయంలో ఒక చేదు నిజం చెప్పక తప్పదు. 2000 తర్వాతి సంవత్సరాల్లో పశ్చిమ ఉత్తర ప్రదేశ్‌లోని కొన్ని ముస్లిం వాడల్లో ఈ చుక్కలు పిల్లల్ని సంతానహీనుల్ని చేస్తాయన్న పుకారు పుట్టి, తల్లులు తలుపులు వేసుకున్నారు. మసీదుల నుంచి ఉలమా, ఇమాములు స్వయంగా ప్రకటనలు చేసి, తమ చేతులతో చుక్కలు వేసి చూపిస్తేగాని ఆ భయం పోలేదు. పుకారుకు కాళ్ళు వచ్చినంత త్వరగా హదీసుకు రాలేదన్నమాట! ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళి ప్రాణాలు కాపాడినవాడితో సమానమని అల్లాహ్ తెలియజేశాడు (ఖుర్ఆన్ 5:32). ఆ లెక్కన టీకా ఇచ్చే నర్సమ్మ చేతిలో ఉన్నది ఎంత పెద్ద పుణ్యకార్యమో ఆలోచించండి.

గడువు నిర్ణయమై ఉంటే మందెందుకు?

ఇక్కడ కొందరికి ఒక సందేహం వస్తుంది. ప్రతి ప్రాణికీ గడువు రాసి ఉందని, ఆ గడువు వచ్చాక అల్లాహ్ ఎవరికీ వాయిదా ఇవ్వడని ఖుర్ఆన్ స్పష్టంగా చెబుతోంది (63:11). మరి డాక్టర్లు ఆయుష్షు పెంచారని ఎలా అంటాం?

సరిగ్గా ఈ ప్రశ్ననే సహచరులు దైవప్రవక్త (స) ముందుంచారు. మేము వాడే మందులు, చదివించుకునే దుఆలు అల్లాహ్ రాసిన విధివ్రాతను తప్పిస్తాయా అని అడిగారు. అవి కూడా అల్లాహ్ విధివ్రాతలోనివేనని ఆయన సమాధానమిచ్చారు (తిర్మిజి, ఇబ్నెమాజా). ఎంత చిన్న మాట, ఎంత పెద్ద చిక్కును విప్పింది! జబ్బు రాసినవాడే దాని మందునూ రాశాడు. ఫలానా రోగికి ఫలానా మందు అందుతుందని, దానితో అతను ఇంకో ముప్ఫై ఏళ్ళు బతుకుతాడని ఆయన గ్రంథంలో ముందే ఉంది. ఎవరికైనా ఆయుష్షు పెరిగినా తగ్గినా అది గ్రంథంలో లేకుండా జరగదని ఫాతిర్ సూరా చెబుతోంది (35:11). మనకు ఆ గ్రంథం చదివే అవకాశం లేదు. కనుక ప్రయత్నం చేయడం మన వంతు.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో సర్గ్ అనే చోటికి చేరేసరికి ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అవును, అల్లాహ్ విధివ్రాత నుంచి అల్లాహ్ విధివ్రాత వైపుకే వెళుతున్నామని బదులిచ్చారు (బుఖారి, ముస్లిం). తవక్కుల్ పేరుతో ఇన్సులిన్ మానేసేవారు ఈ సంఘటనను ఒకటికి రెండుసార్లు చదవాలి.

అలాగని వైద్యం చేయించుకున్న ప్రతివాడూ బతుకుతాడా? కందక యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ మఆజ్ (రజి) చేతి నరానికి బాణం తగిలింది. దైవప్రవక్త (స) ఆయన కోసం మసీదులోనే గుడారం వేయించారు. గాయానికి వాత పెట్టించారు. రుఫైదా (రజి) అనే మహిళ క్షతగాత్రులకు సేవలు చేసేవారు. ఆనాటికి అంతకంటే మేలైన వైద్యం, అంతకంటే మేలైన దుఆ ఎక్కడ దొరుకుతాయి? అయినా కొద్ది రోజులకే ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు నలభై కూడా లేదు. ఆయన మరణానికి అల్లాహ్ సింహాసనం కంపించిందని దైవప్రవక్త (స) తెలిపారు. వైద్యం చేయించడం ఒక ఆజ్ఞాపాలన. ఫలితం వేరే చేతిలో ఉంది.

మన ప్రాంతంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చూడండి. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాలో బలి తీసుకుంది. తర్వాత అమెరికాలో ఆయన నడిపిన పరిశోధక బృందం నుంచి ఫోలిక్ ఆసిడ్ తయారీ వచ్చింది. స్ప్రూ రోగులకు అది మందుగా పనికొచ్చింది. బోదకాలు రాకుండా మన ఊళ్ళలో ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర, ఈనాటికీ క్యాన్సర్ రోగులకు ఇస్తున్న మెథోట్రెక్సేట్ ఆ బృందం కృషి ఫలితాలే. ఎన్ని లక్షలమంది ఆయుష్షుకు ఆయన నిమిత్తమయ్యారో లెక్కలేదు. ఆయన మాత్రం 1948లో 53వ ఏట నిద్రలోనే వెళ్ళిపోయారు. అల్లాహ్ ప్రతి జబ్బుకూ మందు దించాడని, తెలిసినవారికి అది తెలుస్తుందని, తెలియనివారికి తెలియదని హదీసు (అహ్మద్). తెలుసుకున్నవాడు దాని యజమాని కాడు. తన గడువును ఒక్క రాత్రి కూడా జరుపుకోలేడు.

ఒక్క జబ్బు తప్ప

వైద్యం చేయించుకోమని ఆజ్ఞాపించిన ప్రసిద్ధ హదీసులోనే ఒక మినహాయింపు ఉంది. ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన ప్రకారం పల్లెవాసులు వచ్చి, మేము మందులు వాడాలా అని అడిగారు. అల్లాహ్ దాసులారా, వాడండి, ఒక్క జబ్బుకు తప్ప అల్లాహ్ మందు లేని జబ్బును పెట్టలేదని దైవప్రవక్త (స) చెప్పారు. ఆ ఒక్కటీ ఏమిటని అడిగితే, ముసలితనం అన్నారు (అబూదావూద్, తిర్మిజి).

ఈనాటి వైద్యశాస్త్రం ఎంత ముందుకు పోయినా ఈ మినహాయింపును చెరపలేకపోయింది. గుండె రక్తనాళంలో స్టెంట్ వేయగలదు. కంటి పొర తీసి కొత్త లెన్సు పెట్టగలదు. అరిగిన మోకాలు మార్చగలదు. కాని ముసలితనాన్ని వాయిదా వేయగలదేగాని రద్దు చేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచ సగటు ఆయుర్దాయం సుమారు 73 ఏళ్ళు. అందులో ఆరోగ్యంగా గడిచేవి సుమారు 63. మిగిలిన పదేళ్ళ లెక్క జబ్బుల ఖాతాలోకి పోతోంది. మన దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. పూర్వం ఈ జబ్బు ముదిరితే మనిషి త్వరగా పోయేవాడు. ఇప్పుడు మందులతో ఇరవై, ముప్ఫై ఏళ్ళు గడుపుతున్నాడు. అదే సమయంలో కాలి పుండ్లు, మూత్రపిండాల వైఫల్యం, వారానికి రెండు మూడు డయాలసిస్‌లు కూడా మన ఇళ్ళకు పరిచయమయ్యాయి.

ఎవరికి దీర్ఘాయుష్షు ఇస్తామో అతణ్ణి సృష్టిలో తలకిందులు చేస్తామని యాసీన్ సూరాలో అల్లాహ్ తెలియజేశాడు (36:68). ఎంతో తెలిసిన మనిషి ఏమీ తెలియని స్థితికి చేరే నికృష్ట వయసు గురించి ఖుర్ఆన్ హెచ్చరించింది (16:70). ఆ వయసుకు నెట్టబడకుండా దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు వేడేవారు (బుఖారి). కన్నకొడుకు పేరు మరచి, నీవెవరి అబ్బాయివని అడిగే తండ్రిని చూసినవారికి ఈ దుఆ అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

పెరిగిన ఈ సగటు కూడా ఎంత పెళుసైనదో కోవిడ్ చూపించింది. 2019 నుంచి 2021 మధ్య రెండేళ్ళలో ప్రపంచ సగటు ఆయుర్దాయం 1.8 సంవత్సరాలు పడిపోయి 2012 నాటి స్థాయికి చేరింది. కంటికి కనిపించని క్రిమి పదేళ్ళ సంపాదనను రెండేళ్ళలో ఊడ్చుకుపోయింది.

పొడవు కాదు, బరువు

ఆయుష్షు పొడవే భాగ్యమైతే ఇబ్లీసును మించిన భాగ్యవంతుడు ఉండడు. ప్రళయం దాకా గడువు కోరాడు, దొరికింది (7:14-15). ఆ గడువులో వాడు కూడబెట్టుకుంటున్నది ఏమిటో మనకు తెలుసు. కొందరు వెయ్యేళ్ళు బతకాలని కోరుకుంటారని, అంత బతికినా ఆ బతుకు వారిని శిక్ష నుంచి తప్పించదని బఖరా సూరా చెబుతోంది (2:96). మరోవైపు హజ్రత్ నూహ్ (అలై) 950 సంవత్సరాలు తన జాతి మధ్య గడిపారు (29:14). ఆ ఏళ్ళన్నీ ప్రజలను పిలవడంలోనే కరిగిపోయాయి.

మనుషుల్లో ఉత్తముడెవరని ఒక పల్లెవాసి అడిగితే, ఆయుష్షు దీర్ఘమై ఆచరణ మంచిదైనవాడని దైవప్రవక్త (స) చెప్పారు. అధముడెవరని అడిగితే, ఆయుష్షు దీర్ఘమై ఆచరణ చెడ్డదైనవాడని చెప్పారు (తిర్మిజి). రెండు జవాబుల్లోనూ ఆయుష్షు ఒక్కటే. తేడా అంతా రెండో మాటలో ఉంది.

దీనికి ఉదాహరణగా హజ్రత్ తల్హా (రజి) చెప్పిన సంఘటనను మించింది మాకు కనబడలేదు. బలీ తెగకు చెందిన ఇద్దరు ఒకేసారి ఇస్లాం స్వీకరించారు. వారిలో ఒకరు ఎక్కువ శ్రమించేవారు. ఆయన యుద్ధంలో షహీద్ అయ్యారు. రెండోవారు మరో ఏడాది బతికి మామూలుగా చనిపోయారు. తల్హా (రజి) ఒక కల కన్నారు. స్వర్గద్వారం దగ్గర మొదటి పిలుపు ఏడాది తర్వాత చనిపోయినవారికి వచ్చింది. షహీద్ అయినవారికి ఆ తర్వాత వచ్చింది. ఈ కల విని అందరూ ఆశ్చర్యపోయారు. దైవప్రవక్త (స) మాత్రం ఆశ్చర్యపోలేదు. ఇతను ఇంకో ఏడాది బతకలేదా? ఒక రమజాను పొంది ఉపవాసాలు పాటించలేదా? ఏడాదిలో ఇన్నిన్ని సజ్దాలు చేయలేదా? అని అడిగి, వారిద్దరి మధ్య దూరం భూమ్యాకాశాల మధ్య దూరం కంటే ఎక్కువని చెప్పారు (ఇబ్నెమాజా). ఇమామ్ అహ్మద్ గ్రంథంలోని ఉల్లేఖనంలో ఆరువేల రకాతుల ప్రస్తావన కూడా ఉంది. మీరే లెక్క వేయండి. రోజుకు ఫర్జ్ రకాతులు 17. చాంద్రమాన సంవత్సరంలో 354 రోజులు. మొత్తం 6018.

ఇప్పుడు మన ఇంటి లెక్కకు వద్దాం. అరవైకి ఉద్యోగ విరమణ చేసి, బీపీ మాత్ర, షుగర్ మాత్ర వేసుకుంటూ డెబ్బై అయిదు దాకా ఉన్న మనిషికి మందుల ద్వారా అల్లాహ్ ఇచ్చినది పదిహేనేళ్ళు. అంటే పదిహేను రమజానులు, తొంభై వేలకు పైగా ఫర్జ్ రకాతులు. ఇది వైద్యశాస్త్రం చేసిన మేలు కాదా? చేసింది, ఆ రకాతులు చదివినవారికి. ఆ పదిహేనేళ్ళూ టీవీ ముందు, పొలం గట్టు తగాదాల్లో, కోడలి మీద ఫిర్యాదుల్లో గడిపినవారికి అదే గడువు ఎదురు సాక్ష్యమవుతుంది. ఎవరి మరణాన్ని అరవై ఏళ్ళ దాకా వాయిదా వేశాడో అతనికి అల్లాహ్ ఇక సాకు మిగల్చలేదని హదీసు (బుఖారి). నరకవాసులు మళ్ళీ లోకానికి పంపమని మొరపెట్టుకుంటే, గుణపాఠం నేర్చుకోదలచినవాడు నేర్చుకోగలిగినంత ఆయుష్షు మీకు ఇవ్వలేదా అని వారిని అడగడం జరుగుతుంది (35:37). మన ముత్తాతల కంటే మన దగ్గర ఈ ప్రశ్నకు సాకులు తక్కువ.

మంచానపడ్డ పెద్దలు

ఇంతవరకూ చెప్పింది నడవగలిగిన ముసలితనం గురించి. పక్షవాతంతో అయిదేళ్ళుగా మంచంలో ఉన్న తండ్రి సంగతేమిటి? మూత్రపు సంచి తగిలించుకున్న తల్లి సంగతేమిటి? ఇలా బతకడంకంటే పోవడం మేలు కదా అని బంధువులు రోగి చెవిన పడేలాగే అనేస్తుంటారు. అది అనకూడని మాట. కష్టం వచ్చిందని చావు కోరుకోవద్దని, తప్పనిసరైతే బతుకు మేలైనంత కాలం బతికించమని, చావు మేలైనప్పుడు చావునివ్వమని అల్లాహ్‌ను వేడుకోమని దైవప్రవక్త (స) నేర్పారు (బుఖారి, ముస్లిం). ఏది ఎప్పుడు మేలో నిర్ణయించే పని మనది కాదన్నమాట.

పైగా, ఆ మంచంలోని బతుకు మనకు కనిపించేంత ఖాళీగా లేదు. దాసుడు జబ్బుపడితే, ఆరోగ్యంగా ఉన్నప్పుడు అతను చేస్తూ ఉండిన సత్కార్యాల పుణ్యం అలాగే రాయబడుతుందని హదీసు (బుఖారి). ముప్ఫై ఏళ్ళు ఫజ్ర్ జమాతు తప్పని మనిషి ఇప్పుడు తల తిప్పలేకపోయినా అతని ఖాతా నడుస్తూనే ఉంది. నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పక్కకు తిరిగి పడుకుని నమాజు చదవమని దైవప్రవక్త (స) ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) గారికి చెప్పారు (బుఖారి). మూత్రపు సంచి ఉన్నవారు శుభ్రత లేదని నమాజు మానేస్తున్నారు. అది తెలియక జరుగుతున్న నష్టం. అలాంటివారు ప్రతి నమాజు వేళకు వజూ చేసుకుని చదువుకోవచ్చు. వజూ చేయించేవారు లేక, నీరు తగలకూడక పోతే తయమ్ముమ్ ఉంది. మతి పూర్తిగా తప్పినవారి మీద నమాజు, ఉపవాసాల బాధ్యతే లేదు. వారిని బలవంతంగా కూర్చోబెట్టి చదివించడం, చదవలేదని కోప్పడడం తగదు.

ఇక చాకిరీ మాట. ముసలితనంలో ఉన్న తల్లిదండ్రుల ముందు ఉఫ్ అని కూడా అనవద్దని అల్లాహ్ ఆజ్ఞాపించాడు (17:23). ఈ వచనం మీద ప్రసంగాలకు మనకు కొదవలేదు. కాని దాని బరువు మోస్తున్నదెవరు? కొడుకులు గల్ఫ్‌లో, హైదరాబాదులో ఉంటారు. ఇంట్లో పక్క గుడ్డలు మార్చేది, నోటికి అన్నం పెట్టేది కోడలు. తల్లిదండ్రుల సేవ కొడుకు మీద, కూతురి మీద ఉన్న బాధ్యత. కోడలి మీద అది ధర్మశాస్త్రం విధించిన బాధ్యత కాదని చాలామంది ధర్మవేత్తలు చెబుతారు. ఆమె చేస్తున్నది ఉపకారం. దాన్ని హక్కులా దబాయించి చేయించుకుని, నాలుగు మాటలు కూడా అనే ఇళ్ళు మనలో లేవా? నెలనెలా డబ్బు పంపితే బాధ్యత తీరిందనుకునే కొడుకు కనీసం ఆమె కోసం ఒక ఆయాను పెట్టగలడు. సెలవుకు వచ్చినప్పుడు ఆ పని తన చేతులతో చేయగలడు. ముసలివారైన తల్లిదండ్రులను పొంది కూడా స్వర్గం సంపాదించుకోనివాడు నాశనమవుగాక అన్న హదీసు (ముస్లిం) కొడుకులను ఉద్దేశించినదే. వైద్యం తల్లిదండ్రులకు పెంచిన ఏళ్ళు పిల్లలకు తెరిచిన ద్వారం. మన తాతలకు చాలామందికి ఈ ద్వారం అంతకాలం తెరిచి ఉండలేదు.

వెంటిలేటర్ దగ్గర

ఆఖరి ఘట్టం మరింత కఠినమైనది. వైద్యం ఎంతవరకు తప్పనిసరి? ఇస్లామీ సహకార సంస్థకు అనుబంధంగా ఉన్న అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ 1992లో జిద్దాలో జరిగిన సమావేశంలో దీన్ని వివరించింది. మానేస్తే ప్రాణమో అవయవమో పోతుందనుకున్నప్పుడు, జబ్బు ఇతరులకు అంటుకునేదైనప్పుడు వైద్యం తప్పనిసరి. ఇతర సందర్భాల్లో స్థితిని బట్టి మారుతుంది. మెదడు పనిచేయడం పూర్తిగా ఆగిపోయిందని, తిరిగి రాదని నిపుణులైన డాక్టర్లు నిర్ధారిస్తే యంత్రాలు తొలగించవచ్చని అదే అకాడమీ 1986లో అమ్మాన్‌లో తీర్మానించింది. మన సుప్రీంకోర్టు కూడా 2018లో, కోలుకునే ఆశ లేని రోగికి కృత్రిమ చికిత్స ఆపే వీలు కల్పిస్తూ తీర్పునిచ్చింది. సూదిమందు ఇచ్చి ప్రాణం తీయడం దీనికి పూర్తిగా వేరు. అది హత్య, హరాం. ఆశ లేదని తేలాక యంత్రాన్ని ఆపడానికి, యంత్రం అవసరం లేని మనిషిని చంపడానికి మధ్య తేడాను గుర్తించకపోతే రెండు వైపులా తప్పు జరుగుతుంది. ఇలాంటి నిర్ణయం ఒక్కరే తీసుకోకూడదు. నమ్మకమైన డాక్టరును, తెలిసిన ఆలింను ఇద్దరినీ అడగాలి.

మేము చూస్తున్నదేమిటంటే, ఆశ లేదని డాక్టరు చెప్పాక కూడా నలుగురూ ఏమనుకుంటారోనన్న భయంతో రోగిని ఐసీయూలోనే ఉంచి, వడ్డీకి అప్పు తెచ్చి బిల్లు కడుతున్నారు. కొడుకుల ప్రేమను బిల్లుతో కొలిచే బంధువులున్నంతకాలం ఇది జరుగుతూనే ఉంటుంది. చనిపోతున్నవారికి లా ఇలాహ ఇల్లల్లాహ్ గుర్తుచేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు (ముస్లిం). గొంతులో గొట్టం ఉన్న రోగి అద్దం లోపల ఒంటరిగా ఉంటాడు. కలిమా చదవవలసిన కొడుకు కౌంటరు దగ్గర రసీదు కోసం నిలబడి ఉంటాడు. కనీసం ఒకరిని లోపలికి అనుమతించమని ఆస్పత్రివారిని అడగండి. అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ఈ చిక్కులన్నీ రాకముందే, మాట స్పష్టంగా ఉన్నప్పుడే, వసీయత్ రాసి ఉంచడం మన ధర్మం. రాయవలసినది ఉన్న ముస్లిం రెండు రాత్రులు కూడా వసీయత్ లేకుండా గడపకూడదని హదీసు (బుఖారి, ముస్లిం). ఇవ్వవలసిన అప్పులు, భార్యకు చెల్లించని మహర్, తప్పిన ఉపవాసాలకు ఫిదియా, ఆశ లేని స్థితిలో తనకు ఏ వైద్యం చేయాలి, ఏది వద్దు - ఇవన్నీ అందులో ఉండాలి. వారసులు కాని వారికి, ధర్మకార్యాలకు రాసేది ఆస్తిలో మూడోవంతు మించకూడదు.

ఈ మూడోవంతు నియమం ఒక రోగి పడక దగ్గరే మనకు అందింది. హిజ్రీ 10లో వీడ్కోలు హజ్ సమయంలో హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. ఇక బతకనని అనుకున్నారు. తనకు ఒక్క కూతురే ఉందని, ఆస్తిలో ఎక్కువ భాగం దానం చేస్తానని అన్నారు. మూడోవంతు చాలు, అదే ఎక్కువని దైవప్రవక్త (స) చెప్పారు. నీవు ఇంకా బతుకుతావేమో, నీ వల్ల కొందరు లాభం పొందుతారేమో అని కూడా అన్నారు (బుఖారి, ముస్లిం). సఅద్ (రజి) కోలుకున్నారు. ఖాదిసియా యుద్ధానికి సేనాధిపతి అయ్యారు. కూఫా నగరాన్ని స్థాపించారు. ఎందరో బిడ్డలకు తండ్రయ్యారు. వసీయత్ చెప్పిన ఆ రోజు తర్వాత సుమారు నలభై అయిదేళ్ళు బతికి, మదీనా దగ్గర అఖీఖ్‌లోని తన ఇంట్లో చనిపోయారు. బద్ర్ యుద్ధం నాడు ధరించిన పాత ఉన్ని జుబ్బాను కఫనుగా చుట్టమని చెప్పి, దాన్ని అంతకాలం దాచి ఉంచుకున్నారు.